రసీదు వెనుకవైపు

ఊరి నుండి పార్సెలు వచ్చుచున్నదనగానే ఇంటిల్లిపాదియు వీధి తలుపు వైపు చెవులు పెట్టుకొని ఉండుట తెలుగువారి ఇండ్లలో క్రొత్త సంగతి కాదు. వేసవి దాటిన పిమ్మట అమ్మమ్మ పంపు ఆవకాయ, పండుగకు అత్తవారు పంపు పూతరేకులు, హాస్టలులోని పిల్లవాడు మరచిపోయిన పుస్తకములు, వృద్ధులకు నెలనెల రావలసిన మందులు, ఇవన్నియు నేడు పార్సెళ్లుగానే ఇల్లు చేరుచున్నవి. ప్రతి పార్సెలు వెంటను ఒక రసీదు ఉండును. దాని ముందువైపున పంపినవారి పేరు, అందుకొనువారి పేరు, తూకము, రుసుము కనబడును. వెనుకవైపున చీమలబారు వంటి అక్షరములతో నిబంధనలుండును. ఈ రోజులలో కాగితపు రసీదు కూడ తగ్గిపోయి, ఆ నిబంధనలు ఫోనుకు వచ్చు సందేశములో ఒక చిన్న లింకుగా మారినవి. రూపము మారినను స్వభావము మారలేదు. ముందువైపు మనము చదువుకొందుము. వెనుకవైపును మాత్రము, నష్టము జరిగిన తరువాత, కంపెనీవారు మనకు చదివి వినిపింతురు.

ఆ వెనుకవైపున ఏమి ఉండును, అది ఎందుకు ఉండును, దానిని ఎరిగిన గృహస్థు ఏమి చేయవచ్చును అను విషయములను ఈ ప్రసంగములో మనవి చేయదలచితిమి. చదువక నష్టపోయినవారిలో మేమును ఒకరము గనుక ముందుగా మా కథనే చెప్పెదము.

మా తండ్రిగారికి నాటక పద్యములయందు మిక్కిలి ప్రీతి. యౌవనమున తాము విన్న పద్యములను, వాటి రాగములను, ఏ నటుడు ఏ పదము వద్ద ఆగి తిరిగి ఎట్లు ఎత్తుకొనెనో ఆ వివరములను మూడు నోటుపుస్తకములలో వ్రాసికొనిరి. వారు గతించిన తరువాత ఆ పుస్తకములు రాజమహేంద్రవరములో మా అక్కగారి ఇంటనే ఉండెను. వాటిని హైదరాబాదుకు పంపుమని మేము కోరగా, అక్కగారు వాటిని పురికొసతో కట్టి, పాత చీర ముక్కలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టించి, వీధి చివరనున్న ఒక కొరియరు దుకాణమునకు తీసికొని వెళ్లిరి.

కౌంటరు వద్దనున్న యువకుడు పెట్టెను తూచి, చిరునామా వ్రాసికొని, "లోపలి వాటి విలువ ఎంత వెయ్యమంటారమ్మా?" అని అడిగెను.

"పాత నోటుపుస్తకాలు బాబూ. వాటికి విలువేముంటుంది? ఏదో ఒకటి వేసెయ్యి" అని అక్కగారు బదులు చెప్పిరి.

అతడు నూరు రూపాయలని వ్రాసెను. పంపుటకు రుసుము నూట నలుబది రూపాయలు. సరకు విలువ కంటె బాడుగ ఎక్కువైన ఆ లెక్క అప్పుడు ఎవరికిని వింతగా తోచలేదు.

మూడవ దినమున రావలసిన పార్సెలు రాలేదు. పార్సెలు జాడ తెలుపు పుటలో వెదకగా "తలుపు తాళము, గ్రహీత ఇంట లేరు" అని కనబడినది. ఆ దినమంతయు మేము ఇంటనే ఉంటిమి. మరునాడును అదే వ్రాత, ఆ మరునాడును అదే వ్రాత. మూడు మారులు ప్రయత్నించిన పిమ్మట పార్సెలును పంపినవారికే త్రిప్పి పంపుట ఆ కంపెనీవారి నిబంధనయట. నాలుగవ నాడు మా తండ్రిగారి పుస్తకములు గోదావరి వైపు తిరుగు ప్రయాణము కట్టినవి. అటు తరువాత పదునెనిమిది దినములు "మార్గమధ్యమున ఉన్నది" అను ఒక్క వాక్యమే తప్ప వేరు వార్త లేదు.

మేము కంపెనీకి టెలిఫోను చేసితిమి. మిక్కిలి మర్యాదగల ఒక గొంతు, "క్షమించాలండి, మీరు మా కస్టమరు కారు. పంపినవారే ఫిర్యాదు చెయ్యాలి" అని చెప్పెను. అక్కగారు రాజమహేంద్రవరము నుండి టెలిఫోను చేయగా, "అందుకొనేవారు ఇంట్లో లేరని ఉందండి. ఏమైందో వారిని కనుక్కోండి" అని చెప్పిరి. పంపినవారిని అడుగుమని మాకును, అందుకొనువారిని అడుగుమని ఆమెకును చెప్పుటతో, డబ్బు పుచ్చుకొన్న కంపెనీకి మేమిద్దరమును పరాయివారమైతిమి.

ఒకనాడు మా వీధిలో పార్సెళ్లు పంచు యువకుని ఆపి అడిగితిమి. అతడు ఏమియు దాచలేదు. "మీ నంబర్ కలువలేదు సార్. ఓటీపీ చెప్పకుంటే పార్సల్ ఇయ్యొద్దు. ఎందుకియ్యలేదో పెట్టనీకి మా ఫోన్ల నాలుగు మాటలే ఉంటయి. తాళం ఉంది, అడ్రస్ తప్పు, వద్దన్నరు, రేపు రమ్మన్నరు. నంబర్ తప్పు అనే మాట అండ్ల లేదు సార్" అనెను.

"మరి తలుపు తట్టి చూడవచ్చును గదా నాయనా?" అంటిమి.

"మూడో అంతస్తు ఎక్కి దిగేలోపల ఇంకో రెండు ఇండ్లు అయితయి సార్. ఇచ్చిన పార్సల్‌కే పైసలు, ఇయ్యనిదానికి లేవు" అనెను.

రాజమహేంద్రవరములో మా టెలిఫోను సంఖ్యను వ్రాసికొనునపుడు ఒక అంకె తప్పు పడినది. ఆ ఒక్క అంకె వలన మాకు సందేశము రాలేదు, అతని పిలుపు రాలేదు, రహస్య సంఖ్య రాలేదు. రహస్య సంఖ్య చెప్పనిదే సరకు ఇయ్యరాదనుట మంచి నిబంధనయే. ఒకరి సరకు మరియొకరి చేతిలో పడకుండ అది కాపాడును. మూడు మారులు చూచి త్రిప్పి పంపుటయు న్యాయమే. ఎవరును పుచ్చుకొనని సరకును గిడ్డంగిలో ఎన్నాళ్లని ఉంచుదురు? పంపినవారే తమ ఖాతాదారు అనుటకును ఆధారము కలదు. రుసుము చెల్లించినది వారే. ఒక్కొక్క నిబంధనను విడిగా చూచినచో ప్రతిదియు సమంజసముగానే ఉన్నది. అన్నియు కలిసిన చోట మాత్రము మనిషి నిలుచుటకు తావు లేదు. ఈ నిబంధనలు పార్సెలును చూచి చేయబడినవి గాని, దాని కొరకు ఎదురుచూచు మనిషిని చూచి చేయబడినవి కావు.

ఇక ఈ నిబంధనల పుట్టుక ఎట్టిదో కొంచెము విచారింతము. మన పెద్దలు పార్సెలును 'బంగీ' అనెడివారు. వెదురు బద్దకు రెండు కొనలను బరువు కట్టి భుజమున మోయు కావడికి హిందుస్థానీలో బహంగీ అని పేరు. ఈస్టిండియా కంపెనీ కాలమున ఉత్తరముల టపా ఒకటి, కావళ్లపై మూటలు మోయు బంగీ టపా మరియొకటి నడిచెడివి. కావడి పోయినను మాట మిగిలినది. 1877లో ప్రభుత్వ తపాలా శాఖ వి. పి. పద్ధతిని ప్రవేశపెట్టినది. పుస్తకము ఇంటికి వచ్చిన తరువాత తపాలా బంట్రోతుకు సొమ్ము చెల్లించి కట్ట విప్పుకొనుట ఈ పద్ధతి వలననే సాధ్యమైనది. సరకు అందిన పిమ్మట డబ్బు ఇచ్చు నేటి పద్ధతికి అదియే పెద్దన్న.

అయితే తపాలా శాఖ పూర్వము నుండియు ఒక మాట దాచక చెప్పుచునే ఉన్నది. 1898 నాటి భారత తపాలా చట్టములోని 6వ సెక్షను ప్రకారము, పార్సెలు పోయినను, ఆలస్యమైనను, చెడిపోయినను, వేరొకరికి చేరినను, తాను ప్రత్యేకముగా ఒప్పుకొన్నంత మేరకు తప్ప ప్రభుత్వము బాధ్యత వహింపదు. ఆ చట్టము స్థానమున వచ్చిన 2023 నాటి తపాలా చట్టము 2024 జూన్ 18 నుండి అమలులోనికి వచ్చినది. నిర్దేశించిన మేరకు తప్ప బాధ్యత లేదను సూత్రము అందును కలదు. విలువగల వస్తువును బీమా చేసి పంపుకొనవలెనని తపాలా కార్యాలయములలో చెప్పుట ఇందువలననే.

ప్రైవేటు రవాణాదారుల చరిత్ర దీనికి వేరు. మన చట్టమునకు మూలమైన ఆంగ్ల న్యాయమున, బాడుగ పుచ్చుకొని ఎల్లరి సరకును మోయువాడు ఆ సరకుకు పూర్తిగా జవాబుదారి. దైవికమైన ఉపద్రవము వలనను, రాజుగారి శత్రువుల వలనను కలిగిన నష్టమునకు మాత్రమే అతనికి మినహాయింపు. 1703లో కాగ్స్ - బెర్నార్డ్ వ్యాజ్యమున ప్రధాన న్యాయమూర్తి హోల్టు ఇందుకు చెప్పిన కారణము గమనింపదగినది. సరకు అప్పగించినవాడు ఇంటనుండును, మోయువాడు ఎక్కడనో దారిలో నుండును. అతడు దొంగలతో కుమ్మక్కై దోపిడి జరిగినదని చెప్పినచో నిరూపించుట ఎవరి తరము? కావున బాధ్యత అంతయు మోయువానిపైననే ఉండవలెనని నిర్ణయము. అనగా ఆనాటి న్యాయము ఇంటనుండి ఎదురుచూచు మనిషి పక్షమున నిలిచినది.

ఈ బరువు రవాణాదారులకు రుచింపలేదు. ఇంత మొత్తమునకు మించి బాధ్యత లేదని వారు తమ కార్యాలయములలో ప్రకటనలు అంటింపసాగిరి. చదువు రానివారు వాటిని ఎట్లు చదువుదురు, చదువనివారు వాటికి ఎట్లు కట్టుబడుదురు అని న్యాయస్థానములలో వాదములు సాగినవి. తుదకు 1830లో ఇంగ్లండున ఒక చట్టము వచ్చినది. బంగారము, గడియారములు, పట్టు, గాజు సామాను వంటి వస్తువుల విలువ 10 పౌండ్లు దాటినపుడు, పంపువారు ఆ విలువను ముందుగా చెప్పి అదనపు రుసుము చెల్లించినగాని రవాణాదారునికి బాధ్యత లేదు. ఆ చట్టములోని వస్తువుల జాబితాలో వ్రాతప్రతులు కూడ ఉన్నవి. మన దేశమున 1865లో వచ్చిన రవాణాదారుల చట్టము ఈ మార్గముననే నడిచి, ఇట్టి వస్తువులకు 100 రూపాయల హద్దు విధించినది. ఆనాడు నూరు రూపాయలు చిన్న మొత్తము కాదు. ఆ చట్టము మాత్రము అటుపై నూటనలువది సంవత్సరములకు పైగా నిలిచినది.

దాని స్థానమున 2007లో రోడ్డు రవాణా సరకుల చట్టమును పార్లమెంటు ఆమోదించినది. అది 2011 మార్చి 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని క్రింది నియమముల ప్రకారము, ఎక్కువ రిస్కుకు తగిన అధిక రుసుము చెల్లింపని యెడల, రవాణాదారుని బాధ్యత బాడుగకు పది రెట్లకు మించదు. అదియు పంపువారు తెలిపిన విలువను దాటరాదు. మా అక్కగారు చెల్లించిన నూట నలుబది రూపాయలను పదిరెట్లు చేసినచో పదునాలుగు వందలు. తెలిపిన విలువ నూరు రూపాయలు గనుక ఆ పదునాలుగు వందలును లేవు. కౌంటరు వద్ద మొగమాటముతో పలికిన "ఏదో ఒకటి వేసెయ్యి" అను మాట ఇంత పని చేసినది.

ఒప్పందముపై పెట్టిన సంతకము ఎంత బలమైనదో తెలుపుటకు సర్వోన్నత న్యాయస్థానము 1996లో ఇచ్చిన ఒక తీర్పు చాలును. వస్త్రములు ఎగుమతి చేయు ఒక సంస్థ జర్మనీలోని కొనుగోలుదారునికి పత్రములను కొరియరు ద్వారా పంపినది. అవి చేరలేదు. తమకు నాలుగు లక్షల రూపాయలకు పైగా నష్టము కలిగినదని ఆ సంస్థ వాదించినది. రసీదుపై బాధ్యత 100 డాలర్లకు మించదని వ్రాసి ఉన్నదని కొరియరు కంపెనీ బదులు చెప్పినది. సంతకము చేసిన ఒప్పందమునకు సంతకము చేసినవారు కట్టుబడి ఉండవలసినదేనని న్యాయస్థానము నిర్ణయించి, పరిహారమును 100 డాలర్లకే పరిమితము చేసినది.

ఇది వినినపుడు కంపెనీలపై కోపము కలుగుట సహజము. వారి వైపు మాటయు వినుట ధర్మము. అరువది రూపాయల రుసుముతో వచ్చిన ఒక కవరులో అయిదు రూపాయల కాగితమున్నదో, అయిదు లక్షల దస్తావేజు ఉన్నదో మోయువానికి తెలియదు. చెప్పనిదానికి కూడ పూర్తి పూచీ పడవలసి వచ్చినచో ఆ భారమును అందరి రుసుములకును చేర్చవలసి వచ్చును. పిల్లవానికి పుస్తకము పంపు తల్లి ఆభరణముల వర్తకుని నష్టమును మోయవలసి వచ్చును. విలువ చెప్పినవారు దానికి తగిన రుసుము చెల్లించుట ఇందువలన న్యాయమే.

తూకపు నిబంధన కూడ ఇట్టిదే. ఆత్రేయపురము పూతరేకుల పెట్టెను పంపబోయి, "తూచితే రెండు కిలోలు కూడ లేదు, దాదాపు అయిదు కిలోలకు డబ్బు ఎందుకు?" అని తగవుపడినవారిని మేము చూచితిమి. విమానమున పంపు పార్సెలుకు సాధారణముగా పెట్టె పొడవును, వెడల్పును, ఎత్తును సెంటీమీటర్లలో కొలిచి, మూడింటిని గుణించి 5000తో భాగింతురు. వచ్చిన ఫలితమును కిలోలుగా గ్రహించి, అసలు తూకముతో పోల్చి, ఏది ఎక్కువయో దానికి రుసుము కట్టుదురు. 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 20 ఎత్తు గల పెట్టెకు ఈ లెక్కన 4.8 కిలోలు వచ్చును. తేలికైన సరకుతో విమానపు గది ముందే నిండిపోవును గనుక, చోటుకు కూడ వెల కట్టుచున్నారు. ఈ సంగతి ముందుగా తెలిసిన ఇల్లాలు పెద్ద పెట్టెలో కాగితములు కుక్కుటకు బదులు సరిపోవు చిన్న పెట్టెను వెదకుకొనును. అట్లే, విడిగా పంపు లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానములలో సరకుగా ఎక్కింపరాదని 2016 ఏప్రిల్ 1 నుండి అంతర్జాతీయ నిషేధము కలదు. నిప్పు అంటుకొను ప్రమాదము దీనికి కారణము. రేడియోను గాని ఫోనును గాని మరమ్మతుకు పంపునపుడు బ్యాటరీని గురించి అడుగుట వేధింపు కాదు.

కొన్ని నిబంధనలు మనవంటి తెలివిగలవారి వలననే పుట్టును. అమెరికాలో ప్రభుత్వ పార్సెలు తపాలా 1913 జనవరి 1న ఆరంభమైనది. 1916లో యూటా రాష్ట్రములోని వెర్నల్ అను చిన్న ఊరిలో ఒక బ్యాంకు భవనము కట్టబూనిరి. ఇటుకలను బండ్లపై తెప్పించుట కంటె పార్సెలు తపాలాలో తెప్పించుట చవుక అని ఒక వ్యాపారి గ్రహించెను. యాబది పౌన్ల పెట్టెలలో కట్టి, సుమారు ఎనుబది వేల ఇటుకలను సాల్ట్ లేక్ నగరము నుండి తపాలాలోనే రప్పించిరి. మోయలేక మోసిన తపాలా శాఖ వెంటనే ఒక నిబంధన చేసినది. ఒక్కరు ఒక్కరికి ఒక దినమున 200 పౌన్లకు మించి పంపరాదు. ఆ భవనము పూర్తియైనది, నిబంధనయు మిగిలినది. కావున ప్రతి నిబంధన వెనుకను ఎప్పుడో ఎవరో చేసిన పని ఒకటి ఉండునని అనుకొనవచ్చును.

ఇంత చెప్పిన పిమ్మటను మా ఫిర్యాదు తీరలేదు. విలువకు తగిన రుసుము అడుగుట న్యాయమే. అయితే అట్టి మార్గమొకటి ఉన్నదని మా అక్కగారికి కౌంటరు వద్ద ఎవరును చెప్పలేదు. "విలువ ఎంత?" అని అడిగిన యువకుడు, "పోతే ఇంతే ఇస్తారమ్మా" అను మరొక మాట చేర్చినచో, ఆమె పెట్టెను చంకన పెట్టుకొని ఇంటికి తిరిగివచ్చి ఉండెడివారు. నిబంధనను చిన్న అక్షరములలో వ్రాయుట వేరు, నోటితో చెప్పుట వేరు. 1830కి పూర్వము ఇంగ్లండున గోడపై అంటించిన ప్రకటనలను గురించి జరిగిన వాదము నేటికిని ముగియలేదని మాకు తోచుచున్నది.

చట్టము మనకు కొన్ని ఆధారములను ఇచ్చినది. 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, కంపెనీ ఎక్కడ ఉన్నను, ఫిర్యాదుదారు తాము నివసించు జిల్లాలోని కమిషను ఎదుటనే ఫిర్యాదు చేసికొనవచ్చును. కారణము ఏర్పడిన నాటి నుండి రెండు సంవత్సరములలోగా చేయవలెను. వినియోగదారుని హక్కులను మిక్కిలిగా తగ్గించు ఒప్పందమును 'అన్యాయమైన ఒప్పందము'గా పరిగణించుటకు కూడ ఆ చట్టము వీలు కల్పించినది. అట్టి ఫిర్యాదులను రాష్ట్ర కమిషను మొదలుకొని పైవారు విచారింతురు. అంతకు ముందు 1915 అను సంఖ్యకు టెలిఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు చెప్పుకొనవచ్చును. రోడ్డు రవాణాదారునిపై వ్యాజ్యము వేయదలచినవారు మాత్రము, సరకు బుక్ చేసిన తేదీ నుండి 180 దినములలోగా నష్టమును గురించి వ్రాతపూర్వకమైన నోటీసు ఇచ్చి తీరవలెను. టెలిఫోనులో ఎన్ని మారులు మొర పెట్టుకొన్నను అది నోటీసు కాజాలదు.

ఇక పార్సెలు కట్టునపుడే మనము చేయదగిన పనులు కొన్ని కలవు. మొదటిది, విలువ. "ఏదో ఒకటి" అని ఎన్నడును అనరాదు. నిజమైన విలువను చెప్పి, పోయినచో ఎంత ఇత్తురు, పూర్తి పూచీకి ఎంత రుసుము అగును అని నోరు తెరచి అడుగవలెను. డబ్బుతో తిరిగి కొనలేని వస్తువైనచో, ఏ బీమాయు దానిని తీసికొని రాజాలదు గనుక, వ్రాతప్రతులకు ముందుగానే పుట పుటకును ఫోటో తీయించుకొనవలెను. వీలైనచో ఊరికి వచ్చిపోవు మనవారి చేతికిచ్చి పంపవలెను.

రెండవది, టెలిఫోను సంఖ్య. వ్రాసికొన్నవారిచేత దానిని తిరిగి చదివింపవలెను. ఇంటిలో మరియొకరి సంఖ్యను కూడ ఇయ్యవలెను. మూడవది, చిరునామా. పెట్టెపైన వ్రాసినది చాలదు. ఇరువురి చిరునామాలను వ్రాసిన కాగితమొకటి పెట్టె లోపలను ఉంచవలెను. దారిలో పై కాగితము చినిగినను లోపలి కాగితము మాటలాడును. నాలుగవది, కట్టుట. పూర్వము జాడీకి వాసెన కట్టి, గుడ్డ కుట్టి, లక్క ముద్ర వేసి పంపెడివారు. నేటి యంత్రముల మీద పార్సెలు దొర్లును, దానిపై వేరు పార్సెళ్లు పడును. కావున నూనె గల పచ్చడిని బిగువు మూత గల ప్లాస్టిక్ డబ్బాలో పోసి, దానిని రెండు సంచులలో కట్టి, చుట్టును మెత్త పెట్టవలెను. ఒకరి ఆవకాయ నూనె కారి మరియొకరి పట్టుచీర పాడైనచో ఆ నష్టము ఎవరిదో ఊహించుకొనుడు. నూనె వస్తువులను కొరియరువారు ఒప్పుకొనకపోవుటకు ఇదియే కారణము.

అయిదవది, అందుకొనుట. పెట్టె చినిగియో, తడిసియో, టేపు మార్చబడియో వచ్చినచో, సంతకము చేయుటకు ముందే ఆ సంగతిని వ్రాయవలెను, ఫోటో తీసికొనవలెను. పార్సెలు తెచ్చిన యువకుని ఎదుటనే ఆ పని చేయవలెను గాని, అతనిపై కోపగింపరాదు. అతని ఫోనులోని నాలుగు మాటలను అతడు వ్రాసినవాడు కాడు.

మా పార్సెలు సంగతి చెప్పి ముగింతుము. ఇరువది మూడవ దినమున మా ఇంటికి ఒక ప్లాస్టిక్ సంచి వచ్చినది. అందు మా తండ్రిగారి నోటుపుస్తకములు రెండు ఉండెను. గిడ్డంగిలో పెట్టె చినిగిపోయినదట. అక్కగారు పుస్తకములను పురికొసతో కట్టునపుడు, పాత అలవాటు కొలది, మా చిరునామా వ్రాసిన కార్డు ముక్కను నడుమ దోపి ఉంచిరి. దానిని చూచి ఎవరో పుణ్యాత్ములు వేరు సంచిలో పెట్టి పంపిరి. మూడవ పుస్తకము కట్టు జారిపోయినదో ఏమో, దాని జాడ తెలియలేదు. అక్కగారు వ్రాతపూర్వకముగా నోటీసు ఇచ్చిరి. ప్రకటించిన విలువను చెల్లింతుమని కంపెనీవారు మర్యాదగానే జవాబు వ్రాసిరి. అది నూరు రూపాయలు.

ఆ మూడవ పుస్తకములో ఏ పద్యములుండెనో మాకు తెలియదు. అక్కగారు దానిని విప్పి చదువలేదు, మేము చూచియే యుండలేదు. మిగిలిన రెండింటికిని వచ్చిన నాటి సాయంకాలమే ఫోటోలు తీయించితిమి. మీ ఇంటను అట్టి కాగితములు ఉన్నచో, వాటిని ఊరు దాటింపక మునుపే ఆ పని చేసికొనుడని మా మనవి.